పేరు లేని గ్రంథకర్త: దాసరి సుబ్రహ్మణ్యము ‘చందమామ’ ధారావాహికలు

ప్రాచీన తెలుగు కావ్యములలో ఆశ్వాసము ముగిసినంతనే గద్య యుండును. అందు కవి తన తండ్రి పేరును, బిరుదములను, తన పేరును, కావ్యనామమును వరుసగా చెప్పుకొనును. తాళపత్రములు చెదరిపోయినను, ముందు పత్రములు పురుగుల పాలైనను, ఒక్క ఆశ్వాసాంతము దొరికినచో కర్త యెవరో తెలియును. మన సాహిత్యచరిత్రకారులకు ఈ గద్యలు చేసిన మేలు ఇంతింత యనరాదు.

మన్యమునకు ముఖద్వారమైన నర్సీపట్నములో ఒక యింట మేము చూచిన సంపుటము ఇందుకు సరిగా వ్యతిరేకమైనది. ‘చందమామ’ సంచికల నుండి ఒక ధారావాహిక పుటలను మాత్రము నెలనెలా వేరుచేసి, వరుసగా పేర్చి, దారముతో కుట్టి, అట్ట వేసి ఆ యింటివారు దాచుకొనిరి. బొమ్మల మూలలలో ‘చిత్ర’ యను చిత్రకారుని సంతకము కలదు. ప్రతి భాగము తుదిని ‘ఇంకా ఉంది’ అను మాట కలదు. కథ వ్రాసినవాని పేరు మాత్రము మొదటినుండి చివరివరకు ఎచ్చటను లేదు. ఆశ్వాసాంతమున కవి పేరుండవలసిన చోట ‘ఇంకా ఉంది’ అని యుండుటయే ఈ వ్యాసమునకు ప్రేరణము.

ఆ పేరు దాసరి సుబ్రహ్మణ్యము. ఈయన 1932లో గుంటూరు జిల్లాలో తెనాలి ప్రాంతమున జన్మించి, 1952లో మద్రాసునకు వచ్చి ‘చందమామ’ సంపాదకవర్గమున చేరి, 2006 వరకు అచ్చటనే పనిచేసి, 2010 జనవరిలో విజయవాడలో మరణించెను. ఏబదినాలుగేండ్ల ఉద్యోగమున ఆయన వ్రాసినది కొంత, దిద్దినది కొంత, ఇతరులు పంపిన కథలను పత్రికకు తగినట్లు తిరిగి చెప్పినది కొంత. అయినను ఆయన సాహిత్యస్థానమును నిర్ణయింపవలసినవి 1954 మొదలు సుమారు పాతికేండ్ల కాలమున ఆ పత్రికలో వెలువడిన పండ్రెండు అద్భుతకథా ధారావాహికలు. అవి ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ అనునవి.

‘చందమామ’ 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల పూనికతో తెలుగు తమిళములలో ఆరంభమై, క్రమముగా పెక్కు భారతీయభాషలకు వ్యాపించినది. 1952 నుండి 1980లో మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దాని సంపాదకత్వభారమును వహించిరి. పత్రిక యంతయు ఒకే గొంతుతో మాటలాడవలెననుట అచ్చటి ముఖ్యనియమము. కథ ఎవరు పంపినను, ఎవరు వ్రాసినను, చివరకు అది ‘చందమామ కథ’గా మాత్రమే పాఠకునకు చేరవలెను. స్వయముగా ప్రసిద్ధకథకుడైన కుటుంబరావు గారే అందు పేరు లేకుండ విస్తారముగా వ్రాసిరి. అయితే ఆయనకు వెలుపల పేరున్నది. నవలలున్నవి, వ్యాసములున్నవి, ‘గ్రహశకలం’ వంటి శాస్త్రకల్పనయు తన పేరిటనే యున్నది. సుబ్రహ్మణ్యము విషయము వేరు. ఆయన రచనలలో మిక్కిలిగా చదువబడినవి ఏవో, అవియే పేరు లేనివి.

పేరు లేని రచనకు కర్తను నిర్ణయించుటలో మన పరిశోధకులు అవలంబించు మార్గము ఆంతరసాక్ష్యము. కర్తృత్వము నేడు వివాదాస్పదము కాకున్నను, ఆ మార్గమున ఈ పండ్రెండు కథలను పరిశీలించుట వృథా కాదు. ఏలయన, కేవలము ఉద్యోగధర్మముగా నెలనెలా పుటలు నింపినవాడా, తనదైన కల్పనాలోకము కలవాడా అను ప్రశ్నకు సమాధానము అందే లభింపవలెను.

మొదటి లక్షణము నిర్మాణమునకు సంబంధించినది. ధారావాహికకు నెలకు కొలది పుటలే లభించును. ఆ పుటలలో జరిగిన కథను క్లుప్తముగా జ్ఞాపకము చేయవలెను; ఒక ఆపదను తీర్పవలెను; వేరొక ఆపదను తెచ్చి నిలుపవలెను. మన పూర్వకథాసంపుటములలో ఈ విధమైన నిర్బంధము లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ చూడుడు. మణిసిద్ధుడు గోపునకు మజిలీ మజిలీకి కథ చెప్పును. అందు కథలో కథ పుట్టును; వినువాడు తొందరపడడు, చెప్పువాడును తొందరపడడు. సుబ్రహ్మణ్యము కథయు మజిలీలుగనే సాగును గాని, ఒక్కొక్క మజిలీకి నడుమ నెలదినములు గడచును. అందువలన ఆయన కథలో కథను ఇముడ్చుటను తగ్గించి, ప్రయాణమును సూటిగా ముందునకు నడపెను. అడవి, లోయ, నది, పాడుపడిన కోట, సముద్రము అను స్థలములు ఒకదానివెంట ఒకటి వచ్చుచుండును. ప్రతి స్థలమునకు ఒక అధిపతియు, అతనికొక శత్రువును ఉందురు. కథానాయకులు ఆ ఇరువురి నడుమ చిక్కుకొందురు. ‘తోకచుక్క’లో కుండలినీద్వీపపు సేనాని సమరసేనుడు ఏకాక్షి, చతుర్నేత్రుడు అను ఇరువురు మాంత్రికుల పోరాటమున చిక్కుకొనుటతో ఈ పద్ధతి ఏర్పడినది. తరువాతి కథలన్నింట దీని ఛాయ కలదు.

రెండవది పాత్రల నామకరణము. ఏకాక్షి, చతుర్నేత్రుడు, పద్మపాదుడు, బ్రహ్మదండి, శిఖిముఖి, సిద్ధసాధకుడు అను పేర్లు వినినంతనే రూపమో స్వభావమో స్ఫురించును. ఇవి సంస్కృతపదములగుటచే తమిళ, కన్నడ, హిందీ ప్రతులలోనికి మార్పు లేకుండ పోగలవు. ఒక సంచిక పలుభాషలలో వెలువడు పత్రికకు ఇది మిక్కిలి అనుకూలించినది. రచయిత పేరు తెలుగుప్రతిలోనే లేకపోగా, ఆయన పాత్రల పేర్లు మాత్రము దేశమంతట తిరిగినవి.

మూడవది మూలములను వాడుకొన్న తీరు. 1957లో ఆరంభమైన ‘ముగ్గురు మాంత్రికులు’ కథకు బీజము ‘వేయిన్నొక్క రాత్రుల’లోని జూదరు వృత్తాంతమున కలదు. చేపలు పట్టి తల్లిని పోషించు చిన్నకుమారుడు, దురాశాపరులైన అన్నలు, సరస్సులో తన్ను త్రోయుమని కోరు మాంత్రికులు అను మూడంశములును అచ్చటివే. కాని జూదరు పింగళుడై, మాంత్రికుడు పద్మపాదుడైన తరువాత కథ అరబ్బుదేశమును మరచి మన జానపదకథల నేలపై నడచినది. బీజమును గ్రహించుట దోషము కాదు. మన కావ్యములలో అధికభాగము అట్టివే. గ్రహించినదానిని ఎంతదూరము నడపగలిగెననుటయే గణింపదగినది. ఇంగ్లీషులో రైడర్ హాగ్గర్డు 1885లో ప్రకటించిన ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ మొదలుగా మరుగుపడిన రాజ్యములను, నిధులను వెదకు సాహసకథలు ఒక శాఖగా పెరిగినవి. అందలి వీరులు పరదేశమునుండి వచ్చి నిధిని గొనిపోవువారు. సుబ్రహ్మణ్యము వీరులు ఆ కొండల నడుమ, ఆ అడవుల అంచున పుట్టినవారే.

ఇది నాలుగవ లక్షణమునకు దారితీయుచున్నది. ఆయన కథలలో రాజకుమారులు లేకపోలేదు గాని, కథాభారమును మోయువారిలో సామాన్యులును అడవిజాతులవారును పెక్కుమంది. 1961లో ఆరంభమైన ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లు అను యువకులకు తోడైనవాడు గోమాంగుడు. 1968లో ఆరంభమైన ‘శిథిలాలయం’లో అడవిజాతి యువకుడు శిఖిముఖి, క్షత్రియుడు విక్రమకేసరి సమానులైన మిత్రులుగా నడతురు. చింతపల్లి కొండలు కనుచూపు మేరలో నున్న నర్సీపట్నము వంటి చోట ఆ కథను దారముతో కుట్టి దాచుకొన్న పాఠకునకు, శిఖిముఖి కేవలము కల్పితలోకపు మనిషిగా తోచియుండడని మా యూహ.

ఇక ఆక్షేపణలను గూర్చి. ఈ మాంత్రికకథలు పిల్లలలో మూఢవిశ్వాసమును పెంచునని ఒక వాదము కలదు. సుబ్రహ్మణ్యము హేతువాద దృక్పథము కలవాడని ఆయన నెరిగినవారు వ్రాసియున్నారు. ఆ దృక్పథమునకును ఈ కథలకును వైరుధ్యము పైకి కనబడునంత లేదు. ఆయన మాంత్రికుడు పూజ్యుడు కాడు. ధనాశచేతనో, అధికారకాంక్షచేతనో తనవంటి వేరొక మాంత్రికునితో పోరాడుచు, తన శక్తికి తానే చిక్కుపడువాడు. ‘రాకాసిలోయ’లోని బ్రహ్మదండి భయపెట్టినంతగా నవ్వించును. ఆపద తీరునది చాలచోట్ల మంత్రముచేత కాదు. సమయస్ఫూర్తిచేతను, స్నేహముచేతను, కత్తిచేతను. మంత్రమును నమ్మనివాడు మంత్రమును కథలో ఇట్లు నడపుట సహజమే.

రెండవ ఆక్షేపణ పత్రికలోపలినుండియే వచ్చినది. చక్రపాణి గారికి ఈ తరహా కథలపై మక్కువ లేదనియు, ‘రాకాసిలోయ’ ముగిసిన పిదప వీటిని ఆపి బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ వంటివానిని ఆ స్థానమున ప్రకటించిరనియు, పాఠకాదరణ తగ్గుటచే 1966లో ‘పాతాళదుర్గం’తో సుబ్రహ్మణ్యమును మరల వ్రాయుమనిరనియు ఆ కార్యాలయమునకు సన్నిహితులైనవారి జ్ఞాపకములవలన తెలియుచున్నది. ఈ వృత్తాంతమున మాకు ముఖ్యముగా తోచునది ఒకటి కలదు. పాఠకులు కోరినది ఒక రచయితను. కాని వారికి ఆ రచయిత పేరు తెలియదు. పేరు తెలియకయే శైలిని గుర్తుపట్టి, అది లేని లోటును గ్రహించిరి. కర్తృత్వమునకు ఇంతకు మించిన సాక్ష్యము ఏ గద్యయు ఇయ్యజాలదు.

మరి ఆయన సాహిత్యచరిత్రలో ఏల స్థానము పొందలేదు? మన చరిత్రలు గ్రంథముఖపత్రములనుబట్టి వ్రాయబడినవి. ముఖపత్రము లేనివాడు కర్త కాడు. పత్రికలో వచ్చినది పుస్తకమైనప్పుడే నవలగా లెక్కింపబడును. అందునను పిల్లలకొరకు వ్రాసినది వేరు పంక్తిలో కూర్చుండవలెను. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘హాహాహూహూ’లో గంధర్వుడు లండను నగరమున పడినచో అది అద్భుతకల్పనగా విమర్శకుల చర్చకు వచ్చును, సమరసేనుడు మాంత్రికుల నడుమ పడినచో అది పిల్లల కథ. ఈ రెంటికి గల కళాభేదమును మేము కాదనుట లేదు. విశ్వనాథవారి కథ వెనుక నాగరకతల విమర్శ కలదు; సుబ్రహ్మణ్యము అట్టి భారమును పైకెత్తుకొనలేదు. కాని చర్చించి తక్కువ యనుట వేరు, చర్చింపకుండుట వేరు.

పేరు లేకుండుట ఆయనకు నష్టమే యని తేల్చుటయు తొందరపాటు. ఆ పత్రికయే లేనిచో అన్ని భాషలలో అంతమంది పాఠకులు ఆయనకు లభించియుండరు; నెలనెలా గడువు లేనిచో ఆ బిగువైన నిర్మాణమును ఏర్పడియుండదు. ఏ యేర్పాటు ఆయనచేత వ్రాయించినదో, ఆ యేర్పాటే ఆయనను మరుగుపరచినది. ఇందలి రెండు పార్శ్వములను కలిపి చూచుటయే చరిత్రకారుని పని. ఆయన మరణానంతరము మిత్రులును అభిమానులును పూనుకొని ‘మృత్యులోయ’, ‘అగ్నిమాల’ వంటి ఇతరపత్రికారచనలను పుస్తకములుగా తెచ్చి, ముఖపత్రముపై ఆయన పేరు ముద్రించిరి. అది చిన్న విషయము కాదు.

‘చందమామ’ యాజమాన్యము 2007లో మారినది. కొలది సంవత్సరములకే ముద్రణ నిలిచిపోయినది. పాతసంచికలకు నేడు అంతర్జాలమున ప్రతిబింబములున్నవి గాని, పాఠకులు వానిని చదివిన తీరునకు సాక్ష్యములు ఇండ్ల అటకలపై నున్నవి. ఏ ఊర ఎవరు ఏ కథను విడదీసి కుట్టుకొనిరి, అట్టపై ఏమి వ్రాసికొనిరి, ఎందరు చేతులు మార్చుకొనిరి అను సంగతులు సేకరింపదగినవి. తాళపత్రములకొరకు ఊరూర తిరిగిన పూర్వపరిశోధకుల శ్రమలో పదియవవంతు దీనికి చాలును. ఆలస్యమైనచో ఆ శ్రమయు నిష్ఫలమగును.

నర్సీపట్నపు సంపుటము అట్టమీద ఎవరో బాలుడు నీలిసిరాతో కథ పేరును, దాని క్రింద తన పేరును వ్రాసికొన్నాడు. కర్త పేరుండవలసిన చోట పాఠకుని పేరున్నది. పుస్తకమును తిరిగి యిచ్చుటకు ముందు, ఆ యింటివారి అనుమతితో, లోపలి మొదటిపుటపై పెన్సిలుతో ‘దాసరి సుబ్రహ్మణ్యము’ అని వ్రాసితిమి.