సేకరించిన చేత్తోనే చిచ్చు

అరుదైన గ్రంథాలు ఎవరి దగ్గరున్నా రాజధానికి పంపాలని, నకలు రాయించుకుని తిరిగి ఇచ్చేస్తామని చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ 1772లో ఆజ్ఞ జారీ చేశాడు. మొదట్లో స్పందన అంతంతమాత్రమే. పుస్తకాలున్నవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు.

చక్రవర్తిది 1644లో ఉత్తరాది నుంచి వచ్చి బీజింగ్‌ను చేజిక్కించుకున్న మంచూ వంశం. కత్తితో గెలిచిన దేశంలో చదువుకూ తామే పెద్దదిక్కు అనిపించుకోవాలి. అందుకు పూనుకున్న పనే ‘సికు చ్వాన్‌షు’ అనే మహా గ్రంథ సంకలనం. చీ యున్ వంటి పండితుల పర్యవేక్షణలో 3,400కు పైగా గ్రంథాలను వేలమంది లేఖకులు చేత్తో రాశారు. ఒక్కో ప్రతి దాదాపు 36,000 సంపుటాలు. అలాంటి ప్రతులు ఏడు!

వచ్చిన ప్రతి పుస్తకాన్నీ చదవాల్సిందే కాబట్టి, ఏరివేతా అక్కడే సాగింది. మంచూలను ఈసడించినవి, పాత మింగ్ రాజ్యాన్ని తలచుకుని కన్నీరు పెట్టినవి నిప్పుల పాలయ్యాయి. అలా పోయినవి సుమారు 3,000 గ్రంథాలని చరిత్రకారుల అంచనా. మిగిలినవాటిలోనూ ఉత్తరాది జాతులను కించపరిచే మాటలను మార్చేశారు.

చియాంగ్‌షీ రాష్ట్రంలో వాంగ్ షీహోవు అనే పండితుడు అంతకుముందు రాజాజ్ఞతో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువును సులువు చేసి మరో నిఘంటువు కూర్చాడు. చక్రవర్తుల సొంత పేర్లు రాయకూడదన్నది నియమం. ఏయే పేర్లు రాయకూడదో కుర్రవాళ్లకు తెలియాలని, ముందుమాటలో ఆ పేర్లే పూర్తిగా అచ్చువేశాడు. నియమం నేర్పబోయి నియమం తప్పాడన్నమాట. 1777లో ఆయన తల తీశారు. కేసును తేలిగ్గా తీసుకున్నాడని రాష్ట్ర గవర్నర్‌నూ శిక్షించారు. ఆ తర్వాత ఏ అధికారైనా అనుమానమొచ్చిన పుస్తకాన్ని వెనకేసుకొస్తాడా? చక్రవర్తి అడిగినదానికన్నా ఎక్కువే పట్టి పంపారంటే ఆశ్చర్యం లేదు.

ఏడు ప్రతుల్లో ఒకటి 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు వేసవి రాజప్రాసాదాన్ని తగలబెట్టినప్పుడు పోయింది. యాంగ్‌చౌ, చెంచియాంగ్ నగరాల్లోని రెండు తైపింగ్ తిరుగుబాటులో కాలిపోయాయి. హాంగ్‌చౌ ప్రతి చెల్లాచెదురైంది. దాని కాగితాల్లో సరుకులు పొట్లాలు కట్టి అమ్ముతుంటే ఆ ఊరి పుస్తకప్రియులైన తింగ్ సోదరులు గుర్తుపట్టారు. దొరికిన సంపుటాలన్నీ కూడబెట్టి, లేనివాటిని ఇళ్లలోని పాత పుస్తకాలు చూసి తిరగరాయించారు. ఆ పాత పుస్తకాలు కొన్ని చక్రవర్తి సంపాదకుల చేయి పడనివి. అందుకే ఆ సంపాదకులు కొట్టేసిన మాటలు కొన్ని ఈ ప్రతిలో మళ్లీ చోటు చేసుకున్నాయి.