సీతమ్మకు సుస్తీ చేసింది

"పాణం మంచిగ లేదట! ఏం లేదు, అన్నీ నకరాలు!"

నా జీవితంలో నేను విన్న మొట్టమొదటి నాటక విమర్శ ఇది. చేసింది మా అమ్మమ్మ. వేములవాడకు దగ్గర్లో ఆమె ఊరు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వేసవి సెలవులకు వెళ్లేసరికి ఊళ్లో చిరుతల రామాయణం నడుస్తోంది. కరీంనగర్ పల్లెల్లో పెరిగినవాళ్లకు దాని సంగతి చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం రెండు ముక్కలు. పనులు తక్కువగా ఉండే రోజుల్లో ఊళ్లో మగవాళ్లు ఓ గురువును పెట్టుకుని, చేత చిరుతలు పట్టి, గుండ్రంగా తిరుగుతూ పాటా ఆటా నేర్చుకుంటారు. ఆపైన కొన్ని రాత్రుల పాటు రామాయణం ఆడతారు. పగలు ఎడ్లు తోలినవాడే రాత్రికి రాముడు. ఆడవేషాలు కూడా మగవాళ్లవే.

ఆ ఏడు సీత వేసినతను పగలు మరమగ్గం మీద పనిచేసేవాడు. అశోకవనంలో అతను ఏడిస్తే ఆడవాళ్లందరి కొంగులూ తడిసిపోయేవి. తీరా అగ్నిప్రవేశం ఆడాల్సిన రాత్రి "పాణం మంచిగ లేదు, రాలేను" అని కబురు పంపాడు. అంతకు రెండు రోజుల ముందే, పాత చీర కట్టను, కొత్తది తెమ్మని పేచీ పెట్టాడట. ఇంకేం కావాలి? ఊరు ఊరంతా రెండూ రెండూ కలిపి నాలుగనేసింది. నిన్నటిదాకా అతని కన్నీళ్లకు కరిగిపోయిన అమ్మమ్మే అందరికంటే ముందు తీర్పు చెప్పేసింది. ఎవరో పిల్లవాడికి చీర కట్టి ఆ రాత్రి గడిపేశారు.

నాలుగోనాటికి అతని కళ్లు పచ్చబడ్డాయి. పసిరికలు! అమ్మమ్మ మారుమాట్లాడకుండా చెంబుడు మజ్జిగ ఇచ్చి నన్ను వాళ్లింటికి పంపింది. మనిషి నెలలో కోలుకున్నాడు గానీ మళ్లీ వేషం మాత్రం కట్టలేదు. సీతను నిప్పుల్లో దూకి రుజువు చేసుకోమన్న ఘట్టం కోసం ఎదురుచూస్తూ, సీత వేషగాణ్ణి మేమూ అదే అడిగామని నాకు తట్టడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

నటుడికి జబ్బు చేస్తే జనం ఎందుకు నమ్మరు? ఇది మా అమ్మమ్మ ఊరితో మొదలైంది కాదు, అక్కడితో ఆగిందీ కాదు.

1673 ఫిబ్రవరి 17న పారిస్‌లో మోలియేర్ తను రాసిన నాటకంలో తనే ముఖ్యపాత్ర వేస్తున్నాడు. ఏ జబ్బూ లేకపోయినా తనకు లేని రోగం లేదనుకునే పెద్దమనిషి కథ అది. వేసిన మోలియేర్‌కు మాత్రం నిజంగానే ఊపిరితిత్తుల జబ్బు. ఆ రోజు ఆట మానుకోమని దగ్గరవాళ్లు బతిమాలితే, "నేను ఆడకపోతే రోజు కూలి మీద బతికే ఈ పనివాళ్లంతా ఏం కావాలి?" అన్నాడని చెప్పుకుంటారు. చివరి అంకంలో ఒళ్లు ఒక్క కుదుపు కుదిపింది. దాన్ని నవ్వుతో కప్పేసి ఆట పూర్తిచేశాడు. ఇల్లు చేరిన కొద్ది గంటలకే ప్రాణం పోయింది. ఉత్తుత్తి రోగి వేషంలో అసలు రోగిని చూసి జనం నవ్వుకుంటూ ఇళ్లకు వెళ్లారన్నమాట!

మన సురభి వాళ్ల సంగతే చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన నాటక కుటుంబం వాళ్లది. అమ్మలూ నాన్నలూ పిల్లలూ అందరూ రంగం మీదే. ఆ కుటుంబంలో ఒక నిండు గర్భిణి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చాయట. చూసేవాళ్లు కొంతసేపు అదీ నాటకమే అనుకున్నారట! సంగతి తెలిశాక సంతోషం పట్టలేక రంగం మీదికి డబ్బులు విసిరారట. అలా పుట్టిన బిడ్డే కమలాబాయి, 1932లో వచ్చిన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. ఈ కథ ఎప్పుడు విన్నా అందరూ మురిసిపోతారు. నాకు మాత్రం ఆ 'కొంతసేపు' మీదికే మనసు పోతుంది. ఆ కొంతసేపూ ఆ తల్లి పంటి బిగువున ఏం భరించిందో!

ఆగకుండా ఆడినవాళ్ల కథలివి. వీళ్లకు చప్పట్లు దొరికాయి. ఆగిపోయినవాళ్లకో?

2008 డిసెంబరులో న్యూయార్క్‌లో జెరెమీ పివెన్ అనే పేరున్న నటుడు డేవిడ్ మామెట్ నాటకం నుంచి మధ్యలో తప్పుకున్నాడు. ఒంట్లో పాదరసం ఎక్కువైందని, ఏళ్ల తరబడి చేపలు తినడమే కారణమని చెప్పాడు. వినగానే నవ్వొస్తుంది కదూ? అక్కడా అంతే నవ్వారు. రాసిన మామెట్ కూడా, ఇతగాడు నటన మాని థర్మామీటరు ఉద్యోగానికి పోతున్నట్టున్నాడని ఎగతాళి చేశాడు. పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుందని, అది ఒంట్లో ఎక్కువైతే నరాలు దెబ్బతింటాయని వైద్యులకు తెలియని సంగతేం కాదు. అయినా నిర్మాతలు వదల్లేదు. వ్యవహారం మధ్యవర్తి దాకా వెళ్లి, 2009 ఆగస్టులో పివెన్ తప్పేమీ లేదని తీర్పు వచ్చింది. ఏం లాభం? తీర్పు వచ్చేనాటికి నాటకం ఎప్పుడో మూతపడింది. ఈనాటికీ చాలామందికి గుర్తున్నది థర్మామీటరు ఒక్కటే.

మా ఊరి సీతకు పచ్చబడ్డ కళ్లు సాక్ష్యం పలికాయి. పివెన్‌కు రక్తపరీక్ష ఉంది. మనసుకు జబ్బు చేస్తే ఏం చూపించాలి? 1995లో లండన్‌లో స్టీఫెన్ ఫ్రై కొత్త నాటకం మొదలైన కొద్ది రోజులకే చెప్పాపెట్టకుండా బెల్జియం వెళ్లిపోయాడు. పత్రికల్లో వచ్చిన విమర్శలకు జడిసి పారిపోయాడన్నారు. అప్పట్లో ఆయన ప్రాణం తీసుకునే ఆలోచన దాకా వెళ్లాడని తర్వాత గానీ లోకానికి తెలియలేదు. 2006లో ఆయనే తన మానసిక వ్యాధి గురించి టెలివిజన్‌లో విడమరిచి చెప్పాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. జబ్బు వంకతో ఎగ్గొట్టే నటులు లేకపోలేదు. పిల్లల్ని చంకనేసుకుని, టిక్కెట్టు కొనుక్కుని వెళ్లినవాళ్లకు కోపం రావడమూ న్యాయమే. కానీ నాకేమనిపిస్తుందంటే, లేని ఏడుపు ఏడ్చి మనల్ని నమ్మించగలడని తెలుసు గనకనే, ఉన్న నొప్పి చెప్పినా అతన్ని మనం నమ్మం. బాగా నటించడమే అతని నేరమైపోతుంది. పైగా అతను రాకపోతే ఆగేది మన ముచ్చట.

ఇదంతా నటుల గొడవ, మనకెందుకంటారా? ఇంట్లో అమ్మ తలనొప్పని పడుకున్న రోజు గుర్తుచేసుకోండి. "నిన్నటిదాకా బాగానే ఉన్నావుగా?" అన్నది ఎవరు? చుట్టాలొచ్చే రోజునే కోడలికి జ్వరం వస్తే "ఇవ్వాళే రావాల్నా?" అని మూతి తిప్పింది ఎవరు? రోజూ నొప్పి దాచుకుని నవ్వుతూ వడ్డించే మనిషి కూడా ఒక విధంగా నటే కదా! అలవాటైన ఆ నవ్వే ఒకనాడు ఆమెకు ఎదురు సాక్ష్యం చెబుతుంది.

పోయేముందు ఏడాది అమ్మమ్మ మంచం పట్టింది. నడుం నొప్పంటే వయసు మీద పడిందిలే అని మేమంతా తేలిగ్గా తీసుకున్నాం. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నకరాలు కాదు బిడ్డా, నిజంగనే నొస్తుంది" అంది. ఆ మాట నన్నింకా వదల్లేదు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా ఒంట్లో బాగోలేదంటే, ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను. విమర్శ తర్వాతైనా చేసుకోవచ్చు.