ఇటుకల బయలు, మూగబోయిన తరంగం

బోస్టన్ వాసులకు తమ ఊరంటే వల్లమాలిన అభిమానం. చూడదగ్గవి ఏమున్నాయని అడిగితే చార్లెస్ నదీతీరం చూపుతారు, ఫెన్‌వే పార్కు చూపుతారు, విప్లవకాలపు చర్చీలు చూపుతారు; సిటీ హాలు ఊసు మాత్రం ఎత్తరు. నేను ఆ నగరంలో ఉన్న రోజుల్లో ఆ కాంక్రీటు భవనాన్ని మెచ్చుకున్నవారు ఒకరిద్దరికి మించి తటస్థపడలేదు. అదే జనం, పోయిన ఒక రాక్ రేడియో స్టేషను పేరెత్తితే కరిగిపోయేవారు. రెండూ 1968 నాటి బిడ్డలే కావడం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది.

సిటీ హాలు ఉన్నచోట పూర్వం స్కాలే స్క్వేర్ ఉండేది. నాటకశాలలు, మద్యశాలలు, పచ్చబొట్ల దుకాణాలు, సెలవు మీద దిగిన నావికులు: పెద్దమనుషులు పగటిపూట మొగం చాటుచేసుకొనే పేట అది. 1960ల తొలినాళ్లలో నగర పునర్నిర్మాణం పేరిట దాన్ని నేలమట్టం చేశారు. 1962లో జరిగిన పోటీకి 256 నమూనాలు రాగా కాల్‌మన్, మెకినెల్ బృందం నెగ్గింది. వారికి స్ఫూర్తి ఫ్రాన్సులో ల కార్బూజియే కట్టిన లా టూరెట్ మఠం. చండీగఢ్ చూసినవారికి ఆ నగ్న కాంక్రీటు కొత్త కాదు. ఎదుటి విశాలమైన ఇటుకల బయలుకు ఇటలీలోని సియెనా నగర కూడలి ఆదర్శం. అయితే సియెనా కూడలి చుట్టూ ఇళ్లూ అంగళ్లూ ఉన్నాయి. ఇక్కడ మిగిలింది శీతకాలపు ఈదురుగాలి.

1976లో చరిత్రకారులూ వాస్తుశిల్పులూ ఆ భవనాన్ని అమెరికా నిర్మాణాలలో ఆరవ గొప్పదిగా ఎన్నుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 5న ఆ బయలులోనే, పాఠశాలల్లో నల్ల, తెల్ల పిల్లలను కలిపే బస్సు పథకాన్ని వ్యతిరేకిస్తున్న ఒక తెల్ల యువకుడు జాతీయజెండా కర్రతో టెడ్ లాండ్స్‌మార్క్ అనే నల్లజాతి న్యాయవాదిపై దాడి చేశాడు. స్టాన్లీ ఫోర్మన్ తీసిన ఆ ఛాయాచిత్రానికి 1977లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఊరి మీది అభిమానం ఎవరిని తనవారిగా లెక్కిస్తుందన్న ప్రశ్న ఆ బొమ్మలో గడ్డకట్టి ఉన్నది. లాండ్స్‌మార్క్ తరువాత ఆ నగరంలోనే వాస్తుకళాశాలకు అధ్యక్షుడయ్యారు.

ఇక రేడియో సంగతి. డబ్ల్యుబిసిఎన్, 104.1 ఎఫ్‌ఎం, శాస్త్రీయ సంగీతపు స్టేషను. 1968 మార్చి 15 రాత్రి అది రాక్ సంగీతం అందుకొన్నది. వియత్నాం యుద్ధవ్యతిరేకులకు గొంతునిచ్చింది. ది కార్స్ వంటి స్థానిక బృందాల పాటలను రికార్డు వెలువడకముందే వినిపించింది. 1979లో కొత్త యజమానులు ఉద్యోగులలో సగం మందిని తొలగిస్తే మిగిలినవారు సమ్మెకు దిగారు. శ్రోతలూ ఊరి వ్యాపారులూ వారి పక్షాన నిలిచారు. మూడు వారాలకు యజమానులు తలవంచారు.

ముప్ఫై ఏళ్ల తరువాత ఆ బలం పనిచేయలేదు. 1996 నాటి టెలికాం చట్టం ఒక సంస్థ దేశమంతటా ఎన్ని స్టేషన్లయినా కొనవచ్చునన్నది. పెద్ద నగరాల్లో ఒక్కొక్క చోట ఎనిమిది దాకా. ఈలోగా కుర్రకారు పాటలను జేబులో పెట్టుకొని తిరగడం మొదలుపెట్టారు. 2009 ఆగస్టులో సిబిఎస్ సంస్థ, క్రీడా కబుర్ల స్టేషనుకు చోటు చేయడానికి తరంగాలను అటూ ఇటూ మార్చి, ఎఫ్‌ఎం మీద డబ్ల్యుబిసిఎన్‌ను ఆపివేసింది. 1983 నుండి ప్రత్యామ్నాయ రాక్ వినిపించిన డబ్ల్యుఎఫ్‌ఎన్‌ఎక్స్ తరంగం 2012లో క్లియర్ ఛానెల్ పాలయింది.

సిటీ హాలుకూ ఆ గతి పట్టవలసిందే. 2006లో మేయరు మెనీనో దాన్ని అమ్మివేద్దామన్నాడు. అది నగర ఆస్తి గనుక చర్చ జరిగింది, కాలం గడిచింది, ఆర్థికమాంద్యం వచ్చిపడింది, ఆలోచన అటకెక్కింది. 2022లో ఆ బయలులో చెట్లు నాటి, చక్రాల కుర్చీలు సాగే దారులు వేసి తిరిగి తెరిచారు. 2025లో ఆ భవనం రక్షిత చారిత్రక కట్టడమయింది.

జనం ప్రేమించినది పోయింది, ఈసడించినది నిలిచింది. ఇందులో కాంక్రీటు గట్టిదనం కన్నా యాజమాన్యం పాత్రే ఎక్కువని నా అభిప్రాయం. బయలు పౌరులది, నచ్చకపోతే తిట్టవచ్చు, సరిదిద్దవచ్చు. తరంగం కూడా చట్టరీత్యా ప్రజలదే, కానీ లైసెన్సు చేతిలో ఉన్నవాడు మీట నొక్కితే నలభై ఒక్క ఏళ్ల జ్ఞాపకం ఒక్క రాత్రిలో ఆగిపోతుంది. మన ఊళ్లలో మనవే అనుకొని మురిసిపోతున్న వాటిలో నిజంగా మన చేతిలో ఉన్నవెన్నో ఒకసారి లెక్క చూసుకోవడం మంచిది.