ఆకసమునకు తెరచిన ఇండ్లు

బొంబాయిలో స్థిరపడిన తెలుగువారికి కామాటిపుర మను పేరు క్రొత్తది కాదు. నిజాం రాజ్యమునుండి వలస వచ్చి, ఆ నగరమున తట్టలు మోసి గోడలెత్తిన కామాటీలవలననే ఆ పేటకు ఆ పేరు కలిగినది. నగరమును కట్టినవారికి నగరమున దొరకిన నీడ యెట్టిది? ఒక గది, దానిముందొక ఇరుకు వసారా. ఊరిలో విడిచివచ్చిన వాకిలి, అరుగు, పెరడు అన్నియు ఆ గదిలోనే ఇముడవలెను.

పేదవాని ఇంటికి ఆకాశము నెట్లు తిరిగి యిచ్చుట అను ప్రశ్నను తన వృత్తికి ప్రాణముగా నెంచిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా. వీరు 1930 సెప్టెంబరు 1న సికింద్రాబాదులో జన్మించిరి. గోవా మూలముల కుటుంబము వారిది. కావున వారిని తెలుగువారని చెప్పుకొనరాదు గాని, మన గడ్డపై పుట్టినవారని సంతసించుటలో దోషము లేదు.

అమెరికాలో విద్య ముగించి వచ్చిన కొరియా 1958లో బొంబాయిలో సొంత కార్యాలయము నెలకొల్పిరి. అప్పటికి వారి వయస్సు ఇరువది యెనిమిదేండ్లు. తొలి పనులలోనిదే సబర్మతి ఆశ్రమమందలి గాంధీ స్మారక సంగ్రహాలయము. ఆరేసి మీటర్ల చదరములు, ఇటుక స్తంభములు, పెంకుల కప్పు. కిటికీలకు అద్దములు లేవు, చెక్క రెక్కలే. కొన్ని చదరములకు గోడలు లేవు. నడుమ కప్పులేని నీటి కొలను. 1963లో నెహ్రూ దీనిని ప్రారంభించిరి. అంతటి మహాత్మునికి ఇంత సాదా కట్టడమా యని యెవరైన ననవచ్చును. ఆయన నివసించిన హృదయకుంజము అక్కడనే యున్నది, చూచి రావచ్చును.

వేడి దేశమున మనుష్యుడు దినమంతయు కప్పుక్రింద నుండనక్కరలేదు. ఉదయము ముంగిలిలో, సాయంకాలము డాబాపై, వేసవిరాత్రి ఆరుబయట నుండును. కావున కప్పులేని చోటును ఇంటిలోని గదియే, అదియు చౌకగా లభించు గది, యని కొరియా వాదము. మండువా లోగిళ్ళలో పెరిగిన మన అవ్వల కీ మాట విప్పి చెప్పవలసిన పని లేదు. మనము మాత్రము పట్నములకు వచ్చి మండువాను మరచితిమి.

1964లో శిరీష్ పటేల్, ప్రవీణా మెహతాలతో కూడి, రేవు కావలి యొడ్డున క్రొత్త నగరము కట్టవలెనని వీరు సూచించిరి. అదియే నవీ ముంబయి. అచ్చట బేలాపూరులో 1980లలో కట్టిన ఇండ్లు వీరి సిద్ధాంతమునకు నిజమైన పరీక్ష. ఏడేసి ఇండ్లు ఒక ఉమ్మడి వాకిలి చుట్టు. అట్టి మూడు గుంపులు కలిసి ఇంకొక పెద్ద వాకిలి చుట్టు. స్థలములు సుమారు 45 మొదలు 75 చదరపు మీటర్లు. అనగా పేదవానికిని కలవానికిని భూమిలో అంతరము స్వల్పమే. ఏ రెండిండ్లకును ఉమ్మడి గోడ లేదు. చేతిలో నాలుగు రూపాయలు ఆడినపుడు, పొరుగువాని నడుగకయే గది పెంచుకొనవచ్చును. సామాన్య మేస్త్రీ కట్టగల పని.

గృహస్థులు నిజముగనే పెంచుకొనిరి. పెక్కురు పాతయింటిని పడగొట్టి కాంక్రీటు మేడలే లేపిరి. దీనిని పరాజయమని కొందరందురు. ఇల్లు మార్చుకొను హక్కు గృహస్థునకుండవలెనని కోరిన శిల్పికి అది పరాజయ మెట్లగును? అయితే పెంకుటిండ్ల సొగసు పోయిన మాట నిజము. కొరియా 2015 జూన్ 16న కన్నుమూసిరి. మేడల నడుమ ఆ వాకిళ్ళు మాత్రము పెక్కుచోట్ల కప్పులేకయే మిగిలియున్నవి.