కొరాపుట్, రాయగడ కొండసీమలో మెనిస్కస్ గాయం: చికిత్సా చరిత్ర

తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ నడుమ, ఒంటి బరువును కీలంతటా పరుస్తూ, చంద్రవంక ఆకారంలో రెండు మృదులాస్థి పలకలు ఉంటాయి. వీటినే వైద్యులు మెనిస్కస్ అంటారు. చెడుగుడులో కూతకు వెళ్ళిన ఆటగాడు, పాదం నేలకు ఆని మోకాలు వంగి ఉండగానే, పట్టు విడిపించుకోవడానికి ఒళ్ళు మెలితిప్పితే, ఈ పలక ఎముకల మధ్య నలిగి చిరుగుతుంది. వాపు కొన్ని గంటలకో మరునాటికో పైకి తేలుతుంది. చిరిగిన ముక్క కీలులో ఇరుక్కుంటే కాలు పూర్తిగా చాపడం సాధ్యం కాదు.

1883లో ఎడిన్‌బరోలో థామస్ అనండేల్ ఒక గని కార్మికుని మెనిస్కస్‌ను కుట్టి నిలబెట్టినా, ఆ మార్గాన్ని శస్త్రవైద్యులు చాలాకాలం పట్టించుకోలేదు. పలకను అక్కరలేని అవశేషంగా భావించి పూర్తిగా తీసివేయడమే దశాబ్దాల పాటు ఆనవాయితీగా సాగింది. అలా తీసివేసిన మోకాళ్ళలో ఎముకల అంచులు మారి, కీలు సందు ఇరుకవుతున్నదని 1948లో ఫెయిర్‌బ్యాంక్ ఎక్స్‌రేల ఆధారంగా చూపాడు. 1962లో జపాన్ వైద్యుడు మసాకి వాటనబే సన్నని దుర్భిణి గొట్టంతో కీలులోకి చూస్తూ, చిరిగిన భాగాన్ని మాత్రమే తొలగించాడు. పెద్దవారిలో ఈ పలకకు రక్తం అందేది వెలుపలి అంచుకే కనుక అక్కడి చిరుగు మానే అవకాశం ఎక్కువని, లోపలి భాగానికి ఆ అవకాశం తక్కువని 1982 నాటి పరిశోధన స్పష్టం చేసింది.

ఈ జ్ఞానం కొండసీమకు చేరడం దారుల మీద, ఆసుపత్రుల మీద ఆధారపడింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న జయపురం సంస్థాన ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరి కొరాపుట్ జిల్లా అయింది; రాయగడ దాని నుంచి 1992లో విడిపోయింది. పాలన మారినా, ఇక్కడి తెలుగు కుటుంబాలకే కాక ఇతరులకు కూడా, 1923లో ప్రారంభమైన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రే పెద్దాసుపత్రిగా నిలిచింది. కొరాపుట్ నుంచి అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల ఘాట్ ప్రయాణం. 1954లో రాయగడ ప్రాంతపు బిస్సంకటక్‌లో క్రైస్తవ ఆసుపత్రి వెలసింది. కొరాపుట్-రాయగడ రైలుమార్గం 1990వ దశకంలో గాని పూర్తికాలేదు. 1943లో ఉరికంబమెక్కిన స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్ పేరిట కొరాపుట్ వైద్య కళాశాల 2017లో ఆరంభం కావడం ఈ క్రమంలో అతి ముఖ్యమైన ఘట్టమని చెప్పాలి, ఎందుకంటే ఆసుపత్రి దగ్గరపడితేనే గాయాన్ని సకాలంలో గుర్తించే వీలు కలుగుతుంది.

కుట్టదగిన చిరుగును వెంటనే గుర్తిస్తే పలకను కాపాడే అవకాశం మెరుగుపడుతుంది. బెణుకని తలచి పసరుకట్టుతో నెలలు గడిపితే చిరుగు పెరిగి, తొలగింపు తప్ప మార్గం మిగలకపోవచ్చు. మోకాలు వాచి, కాలు చాపలేని ఆటగాణ్ణి మళ్ళీ బరిలోకి దించకుండా, ఎముకల వైద్యునికి చూపించడం శిక్షకుల, తల్లిదండ్రుల బాధ్యత.