ఒక్క ప్రశ్న, అనేక గ్రంథాలయాలు



మీకు ఒక పుస్తకం కావలసి వచ్చింది. మీ కళాశాల గ్రంథాలయంలో అది లేదు. మరెక్కడ ఉందో తెలుసుకోవడం ఎలా? 1990ల ఆరంభంలో నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో దీనికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే: జవాబు కార్డు. నాలుగైదు గ్రంథాలయాలకు కార్డులు రాస్తే ఒకటి రెండు చోట్ల నుంచి సమాధానం వచ్చేది. "మా వద్ద లేదు" అన్న రెండు మాటల కోసం రెండు వారాలు ఎదురుచూసేవాళ్లం. ఇవాళ మీరు కంప్యూటర్ తెరపై ఒక చిన్న పెట్టెలో పుస్తకం పేరు టైపు చేస్తే చాలు, వందలాది గ్రంథాలయాల సూచికలను ఒకేసారి వెతికి కొన్ని సెకన్లలో జవాబు వస్తుంది. ఈ సౌకర్యం వెనుక నూరేళ్లకు పైబడిన కథ ఉంది. అది ఎక్కడ తడబడుతుందో కూడా మీరు తెలుసుకోవాలి. ఎందుకంటే తెలుగు పుస్తకాల విషయంలో అది తరచూ తడబడుతుంది.

కార్డుల నుంచి కంప్యూటర్ దాకా

గ్రంథాలయ సూచిక చాలా పాతది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో కాలిమాకస్ అనే కవి అలెగ్జాండ్రియా గ్రంథాలయం ఆధారంగా 120 చుట్టల సూచిక తయారుచేశాడు. కానీ మన ప్రశ్న వేరు. అనేక గ్రంథాలయాల్లో ఏది ఎక్కడ ఉందో ఒక్కచోటే చెప్పే సూచిక కావాలి. దీన్నే ఉమ్మడి సూచిక, అంటే యూనియన్ కేటలాగు అంటారు.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1901లో తన ముద్రిత కేటలాగు కార్డులను ఇతర గ్రంథాలయాలకు పంపిణీ చేయడం ప్రారంభించింది. ఆ సంవత్సరమే ఇతర పెద్ద గ్రంథాలయాల కార్డులను కూడా సేకరించి ఒకే వరుసలో పేర్చడం మొదలైంది. అలా పోగైన వాటిలో 1956కు ముందు అచ్చయిన పుస్తకాల వివరాలను పుస్తకరూపంలో వేయగా 754 సంపుటాలయ్యాయి! 1968లో మొదలైన ముద్రణ 1981లో గానీ ముగియలేదు. ఒక సూచికను ఉంచుకోవడానికే ఒక గది కావలసిన పరిస్థితి.

మన దేశంలో ఈ బాధ్యతను తలకెత్తుకున్నది ఇన్‌స్‌డాక్. 1952లో ఢిల్లీలో ఏర్పడిన ఈ సంస్థ 2002లో నిస్కేర్‌లోను, అది 2021లో ఎన్.ఐ.ఎస్.సి.పి.ఆర్.లోను కలిసిపోయాయి. దేశంలోని ఏ గ్రంథాలయంలో ఏ విజ్ఞానశాస్త్ర పత్రిక ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉందో చెప్పే జాతీయ ఉమ్మడి సూచికను అది రూపొందించింది. విదేశీ పత్రికలకు చందా కట్టడానికి విదేశీ మారకద్రవ్యం అరుదుగా దొరికిన ఆ రోజుల్లో, పక్క ఊళ్లో ఉన్న పత్రికనే మళ్లీ తెప్పించుకోకుండా ఉండటం చిన్న విషయం కాదు. అయితే అచ్చయిన ఏ సూచికకైనా ఒక లోపం తప్పదు. అది బైండింగు నుంచి బయటికొచ్చిన రోజుకే పాతబడిపోయి ఉంటుంది.

కంప్యూటర్ వచ్చినంత మాత్రాన సమస్య తీరలేదు. "శ్రీనివాస" అన్న మాట రచయిత పేరో, పుస్తకం పేరో, ప్రచురణకర్త పేరో యంత్రానికి తెలియదు కదా! 1960ల చివర లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ప్రోగ్రామర్ నాయకత్వంలో "మార్క్" అనే ఏర్పాటు తయారైంది. ఇందులో ప్రతి వివరానికీ ఒక సంఖ్య ఉంటుంది. రచయితకు 100, గ్రంథనామానికి 245. ఈ అంకెలు నేటికీ వాడుకలో ఉన్నాయి. దీని ఆధారంగా 1971 ఆగస్టు 26న అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో ఓ.సి.ఎల్.సి. అనే సంస్థ కంప్యూటర్ ఉమ్మడి సూచికను ప్రారంభించింది. అదే పెరిగి పెద్దదై వరల్డ్‌క్యాట్ అయింది. 2006 నుంచి ఎవరైనా ఉచితంగా వెతుక్కునేందుకు అది తెరిచి ఉంది.

కళ్లంలో కుప్పా? ఇంటింటా వాకబా?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఊళ్లో ఎవరింట్లో ఏ ధాన్యం ఉందో తెలియాలంటే రెండు దారులున్నాయి. అందరి ధాన్యాన్నీ ఒకే కళ్లంలో కుప్పపోసి చూడటం ఒకటి. ఇంటింటికీ వెళ్లి అడిగి రావడం రెండోది. వరల్డ్‌క్యాట్ మొదటి దారి పట్టింది. కానీ ప్రతి గ్రంథాలయమూ తన రికార్డులను మరొకరికి ఇవ్వదు, ఇవ్వలేదు కూడా. అందుకే రెండో దారి పుట్టింది.

ఇంటింటా అడగాలంటే అందరికీ అర్థమయ్యే భాష ఒకటి ఉండాలి. ఒక గ్రంథాలయం ఒక సాఫ్ట్‌వేర్ వాడుతుంది, ఇంకొకటి మరొకటి వాడుతుంది. వాటి మధ్య ప్రశ్నలు, జవాబులు నడవడానికి అమెరికాలో 1988లో ఒక ప్రమాణం ఆమోదం పొందింది. దాని పేరు వింతగా ఉంటుంది: జెడ్ 39.50. 1998లో ఇది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ఇది పనిచేసే తీరు సులభమే. మీరు "పుస్తకం పేరు" అన్న గడిలో ఏదైనా టైపు చేస్తే, మీ కంప్యూటర్ దాన్ని "లక్షణం సంఖ్య 4లో ఈ మాట వెతుకు" అని మార్చి అన్ని గ్రంథాలయాల సర్వర్లకూ ఒకేసారి పంపుతుంది. రచయిత అయితే 1003. ప్రతి సర్వరూ తన సొంత పద్ధతిలో వెతుక్కుని, జవాబును మాత్రం మార్క్ రూపంలో తిప్పి పంపుతుంది. అన్నింటినీ కలిపి మీ తెరమీద చూపిస్తారు. దీన్నే ఫెడరేటెడ్ సెర్చ్ అన్నారు. 1996లో జర్మనీలోని కార్ల్‌స్రూహే విశ్వవిద్యాలయం ఇదే ఆలోచనతో ఒక ఉమ్మడి సేవను ప్రారంభించింది. అది తనకంటూ ఒక్క పుస్తకం రికార్డు కూడా దాచుకోదు, ఎవరైనా అడిగినప్పుడు తాను వెళ్లి ఇతరులను అడిగి వస్తుంది.

వినడానికి బాగుంది. వాడి చూసినవారికి చిక్కులు తెలుస్తాయి. పది సర్వర్లలో తొమ్మిది రెండు సెకన్లలో జవాబిచ్చి, పదోది అర నిమిషం తీసుకుంటే ఏం చేయాలి? ఆగితే పాఠకుడికి విసుగు. ఆగకపోతే పదో గ్రంథాలయంలోని పుస్తకం లేనట్టే లెక్క. ఒక సర్వర్ మీరిచ్చిన మాటలను విడివిడిగా వెతుకుతుంది, మరొకటి అదే వరుసలో ఉంటేనే ఒప్పుకుంటుంది. ఈ తేడాలను తగ్గించడానికి 1999లో ఇంగ్లండులోని బాత్ నగరంలో నిపుణులు సమావేశమై ఒక ఒప్పందపత్రాన్ని రూపొందించారు. ఇక అన్నింటికన్నా మొండి సమస్య వరుసక్రమం. ఒక్కో గ్రంథాలయం తన మొదటి యాభై రికార్డులే పంపితే, అసలైన పుస్తకం అరవయ్యోది అయితే? అందిన జవాబులను ఎంత నేర్పుగా పేర్చినా అందనిదాన్ని పేర్చలేం.

అందుకే ప్రపంచం మళ్లీ కళ్లం దారి పట్టింది. 1999 అక్టోబరులో అమెరికాలోని శాంటా ఫేలో జరిగిన సమావేశం నుంచి పుట్టి, 2001లో విడుదలైన ఓ.ఎ.ఐ. ప్రమాణం కేవలం ఆరు రకాల అభ్యర్థనలతో పని జరిపిస్తుంది. ఒక కేంద్రం అప్పుడప్పుడూ వెళ్లి ఇతరుల వద్ద ఉన్న వివరాలను మాత్రమే తెచ్చుకుంటుంది. పుస్తకం సొంతచోటే ఉంటుంది. ఆంగ్లంలో దీన్ని హార్వెస్టింగ్ అంటారు, అంటే కోత! మన కళ్లం పోలిక సరిగ్గా కుదిరింది. 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్, 2009 నుంచి విశ్వవిద్యాలయాల్లో వ్యాపించిన డిస్కవరీ సేవలు ముందే పోగుచేసిన కుప్పలో వెతికేవే. అందుకే అంత వేగం. మన దేశంలో ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ నిర్మించి, 2018 జూన్ 19న జాతికి అంకితమైన నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా ఎక్కువగా ఇలా వివరాలను సేకరించి, పాఠకుణ్ణి అసలు చోటికి పంపుతుంది. అంతకుముందే 1988లో మొదలైన డెల్‌నెట్, 1991లో యు.జి.సి. ప్రారంభించిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ మన గ్రంథాలయాల ఉమ్మడి సూచికలకు పునాది వేశాయి.

అయితే ఇంటింటా అడిగే పద్ధతి చచ్చిపోయిందని అనుకోకండి. ఆ పుస్తకం ఈ క్షణాన బీరువాలో ఉందా, ఎవరైనా తీసుకెళ్లారా అన్నది ఆ గ్రంథాలయం ఒక్కటే చెప్పగలదు. పోయిన నెల కోసిన పంట ఆ సంగతి చెప్పదు.

తెలుగు పుస్తకం ఎందుకు దొరకదు?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం తొలిసారి 1897లో అచ్చయింది. దాన్ని ఆంగ్ల లిపిలో వెతకండి. "జాడ"లోని అక్షరాన్ని ఒకరు జె తోను, మరొకరు జెడ్ తోను రాశారు. "శు"కు ఒకరు ఎస్ మాత్రమే వేస్తే ఇంకొకరు హెచ్ చేర్చారు. చివర "ము" ఉంచినవారు కొందరు, "మ్"తో ఆపినవారు కొందరు. ఇంటిపేరు ముందు రాయాలా, వెనుక రాయాలా అన్నదీ తేలలేదు. యంత్రానికి ఇవన్నీ వేర్వేరు మాటలే.

ఆంగ్ల లిపి ఎందుకొచ్చింది? లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీ కార్యాలయం తెరిచి పి.ఎల్. 480 పథకం కింద భారతీయ భాషల పుస్తకాలను అమెరికాకు పంపడం మొదలుపెట్టింది. తెలుగు పుస్తకాలు వేలాదిగా అక్కడి విశ్వవిద్యాలయాలకు చేరాయి. సూచికలు మాత్రం రోమన్ లిపిలోనే తయారయ్యాయి. 1958 నుంచి వస్తున్న మన భారత జాతీయ గ్రంథసూచి కూడా రోమన్ లిపినే ఎంచుకుంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 128 స్థానాలు కేటాయించింది 1991లో. అంతకుముందు తయారైన రికార్డులను తప్పుపట్టలేం.

తరువాతివాటి విషయంలో మాత్రం నాకు కొంత బాధ ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి పూనికతో 2000ల తొలి సంవత్సరాల్లో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో ఎన్నో అరుదైన తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కానీ వాటి పేర్లను తోచినట్టు ఆంగ్ల అక్షరాల్లో టైపు చేయడం వల్ల, కళ్లెదుట ఉన్న పుస్తకమే కంటికి కనబడకుండా పోయింది. పుటలను ఫొటో తీయడానికి పడిన శ్రమలో కొంతైనా పేరు సరిగా రాయడానికి వెచ్చించి ఉంటే ఎంత బాగుండేది! తెలుగు లిపిలో వెతికినా చిక్కు పూర్తిగా తీరదు. "గ్రంథాలయం" అని సరిగా రాసేవారు ఉన్నారు, "గ్రంధాలయం" అని రాసేవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఒకే రచయిత పేరు రకరకాలుగా రాసినా ఒక్కరే అని గుర్తించే వియాఫ్ అనే అంతర్జాతీయ పట్టికకు 2003లో శ్రీకారం చుట్టారు. అందులో ఒక పేరు కుదురుకోవాలంటే ముందు ఏదో ఒక భాగస్వామి సంస్థ దాన్ని నమోదు చేసి ఉండాలి.

ఇంకొక సంగతి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసిన ఆ ఉద్యమకాలంలో పల్లెపల్లెనా చిన్న చిన్న గ్రంథాలయాలు పుట్టాయి. వాటిలో ఇంకా చేతిరాత రిజిస్టరే సూచికగా ఉన్న గ్రంథాలయాన్ని ఏ కంప్యూటరూ అడగలేదు, అది జవాబూ చెప్పలేదు. తెరమీద "ఫలితాలు 0" అని కనిపిస్తే పుస్తకం లేదని కాదు, అడిగినవారిలో ఎవరూ ఉందని చెప్పలేదని మాత్రమే.

ఈ వారం మీరు చేయవలసిన పని: మీకిష్టమైన ఒక పాత తెలుగు పుస్తకాన్ని ఎంచుకోండి. దాని పేరును తెలుగు లిపిలో ఒకసారి, ఆంగ్ల లిపిలో కనీసం నాలుగు రకాలుగా రాసి, నేషనల్ డిజిటల్ లైబ్రరీలోను, వరల్డ్‌క్యాట్‌లోను వెతకండి. ప్రతిసారీ ఎన్ని ఫలితాలు వచ్చాయో పట్టికగా రాయండి. ఆ తర్వాత మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి అక్కడి రిజిస్టరులో అదే పుస్తకం ఉందేమో చూసి రండి.