జపాను పాత సైనిక రైఫిళ్లు: గొట్టపు మార్పులను గుర్తించు విధానము

రెండవ ప్రపంచ యుద్ధాంతం వరకు జపాను సైనికులు ధరించిన రైఫిళ్లకు, రూపకర్త అయిన సైనికాధికారి పేరు మీద, అరిసాకా రైఫిళ్లని పేరు. వీటిలో 1905 నాటి టైప్ 38, 1939 నాటి టైప్ 99 ప్రధానమైనవి. యుద్ధానంతరం ఇవి పలు దేశాలకు చేరి, అక్కడ లభించే తూటాలకు అనువుగా మార్పు చెందాయి. కనుక పైన చెక్కిన పేరు ఒకటి, లోపల పట్టే తూటా మరొకటి కావచ్చు. ఈ తేడా తెలియక పేల్చినవారికి ప్రాణాపాయం కలుగవచ్చు.

అసలు కొలతలు: టైప్ 38 గొట్టం పొడవు 797 మి.మీ., అదే రకపు కార్బైనుకు 487 మి.మీ.; తూటా 6.5 మి.మీ. టైప్ 99 పొట్టి రైఫిలు గొట్టం 657 మి.మీ.; తూటా 7.7 మి.మీ.

కుదించిన గొట్టం: కొన్ని టైప్ 38 రైఫిళ్లను జపాను ఆయుధాగారమే సుమారు 640 మి.మీ.కు కుదించింది. వీటికి గురి ముల్లు తిరిగి చక్కగా అమర్చబడి ఉంటుంది. ముల్లు లేకపోయినా, కొస గరుకుగా ఉన్నా అది తరువాతి కాలపు వేటగాళ్ల పని కావచ్చు.

మార్చిన తూటా గది: దక్షిణ కొరియా కొరకు 1950ల ఆరంభంలో కొన్ని టైప్ 99 రైఫిళ్లను అమెరికా తూటాకు మార్చారు. గొట్టం బయటికి యథాతథంగానే కనిపిస్తుంది. కాని ఆ తూటా సుమారు 5 మి.మీ. పొడవు ఎక్కువ గనుక తూటాల పెట్టెను సాగదీసి, దాని ముందరి ఉక్కును చెక్కవలసి వచ్చింది. ఆ చెక్కుడే ఆనవాలు.

కొత్త గొట్టం: చైనాలో కొన్ని టైప్ 38 రైఫిళ్లకు 7.62 మి.మీ. పొట్టి తూటాకు తగిన వేరే గొట్టం బిగించారు.

నున్నని గొట్టం: లోపల మెలి గాడులు లేకుంటే అది పాఠశాల బాలుర కవాతుకు చేసిన శిక్షణ తుపాకి కావచ్చు. ఇటువంటివి గుండు లేని తూటాలకు మాత్రమే ఉద్దేశించినవి. పలు తుపాకుల దిమ్మె పోత ఇనుముది. అసలు తూటా పేల్చితే పగిలిపోతుంది.

పదహారు రేకుల చేమంతి ముద్రను రుద్దివేయడం మాత్రం గొట్టపు మార్పుకు గుర్తు కాదు. 1945 లొంగుబాటు తరువాత అనేక రైఫిళ్లపై చక్రవర్తి చిహ్నమైన ఆ ముద్రను చెరిపివేశారు.

ఈ పరిశీలన ప్రదర్శనశాలలోని వస్తువులను చదువుటకే గాని పేల్చి చూచుటకు కాదు. పాత ఇంట తుపాకి ఏదైనా బయటపడితే, తూటా ఉన్నదో లేదో మనమే చూడబోక, పిల్లలను దూరముంచి పోలీసులకు తెలుపవలెను. 1959 ఆయుధ చట్టం సరిహద్దుకు ఇరువైపులా ఒక్కటే.